బాతు కొవ్వుకు పరీక్ష

బాతు కొవ్వు మలాము ఎందుకూ పనికిరాదు. ముప్పై ఏళ్లు ఇల్లంతా కంపు కొట్టించడం తప్ప అది ఒక్కరి పుండూ మాన్పలేదు. ఈ విషయంలో పెద్దాయనకు అనుమానం లేదు. దాన్ని కాచిన భార్య పోయి రెండేళ్లయినా మాట మార్చుకోలేదు.

అందుకే కూతురు అటక మీది ఆఖరి సీసా దించి సంచిలో పెట్టుకుంటుంటే మొహం చిట్లించాడు.

"ల్యాబులో నాటుమందులు పరీక్ష చేస్తున్నాం నాన్నా. అమ్మదీ చూద్దాం."

"చూడ్డానికేముంది? మీ అమ్మ దాన్ని తెగిన వేలికీ రాసింది, కీచుమనే తలుపుకీ రాసింది. బాగుపడింది తలుపొక్కటే."

కూతురు వినలేదు. ఆ మలాము కోసం వీధి వీధంతా వచ్చేది. వెక్కిరించింది తండ్రి ఒక్కడే. ఆ వెక్కిరింపు తప్పని తేల్చాలని ఆమె పంతం.

గాజు పళ్లేల్లో క్రిములు పెంచి, మధ్యలో మందు అద్దిన కాగితం బిళ్ల పెట్టారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ వలయం కనిపించాలి. నత్త జిగురు పళ్లెంలో క్రిములు హాయిగా కాపురం పెట్టాయి. మేక పిత్తం పళ్లెంలో పిల్లాపాపలతో వర్ధిల్లాయి. అమ్మ మలాము పళ్లెంలో మాత్రం చంటిపిల్ల గాజంత వలయం వచ్చింది.

కూతురు అమ్మ పద్ధతిలోనే కొత్తగా కొవ్వు కాచి పెట్టింది. అందులో ఒక్క క్రిమికి జలుబైనా చేయలేదు. ల్యాబు పెద్ద మూడు రోజులు గడ్డం గోక్కుని, కొవ్వు సీసాలో ఏళ్ల తరబడి మాగితేనే గుణం వస్తుందని తేల్చాడు. నలభై బాతులకు ఆర్డరిచ్చాడు. మందుకు అమ్మ పేరు పెట్టి, రాసినవాళ్లలో మొదటి పేరు ఆమెదే వేసుకుని వ్యాసం రాయమని కూతురితో చెప్పాడు.

ఆ కబురు పట్టుకొచ్చి ఆమె తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడేమంటావు?"

"బాతు కొవ్వు ఎందుకూ పనికిరాదంటాను. ఆ వ్యాసం పంపకు."

"రేపే పంపిస్తున్నాం. అమ్మ పోయాక కూడా ఆవిడ గొప్ప ఒప్పుకోబుద్ధి కాదు కదా నీకు."

ఆయన కళ్లజోడు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"నలుగురిలో నవ్వులపాలవుతావే."

"ఎందుకవుతాను? అమ్మ మందు రాసుకుని పుండు మానని మనిషి ఈ వీధిలో ఒక్కడున్నాడా?"

"లేడు."

"మరి?"

పెద్దాయన గోడవైపు తిరిగాడు.

"నెలనెలా అందులో మందుల షాపు ట్యూబు పిండి కలిపింది నేనే, ఇక ఈ మాట ఎత్తకు."