చుక్క తర్వాత మూడక్షరాలు

“చెప్పులు బయట వదలండి భాయ్,” అన్నాడు రాజారత్నం.

పీర్ సాహెబ్ చెప్పులు విడిచి, గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. వెనకే బురఖాలో ఆయన కోడలు. ఏసీ చలికి పెద్దాయన తువ్వాలు భుజాల నిండా కప్పుకున్నాడు.

“మసీదుకొచ్చినట్టే ఉంది సారూ. చెప్పులు బయట, మాట మెల్లగా.”

“మాకైతే చర్చి. కాకపోతే ఇక్కడ కానుక ముందే కట్టించుకుంటారు.”

నరసరావుపేటకు కంప్యూటర్లు వచ్చి మూడేళ్ళయింది. ఎరువుల కొట్టు పైన ఈ ఒక్క గది, రెండు మెషీన్లు. యజమాని వెంకట్రామయ్య. పాఠాలు చెప్పేది రాజారత్నం. గిన్నెల మీద పేర్లు చెక్కే పీర్ సాహెబ్ కొడుకు మక్బూల్ ఇక్కడే నేర్చుకుని, నూలు మిల్లులో ఉద్యోగం తెచ్చుకున్నాడు.

“ఏమన్నా తేలిందా సారూ?”

రాజారత్నం వారం కిందట వాళ్ళిచ్చిన నల్లటి ఫ్లాపీని మెషీన్లో పెట్టాడు. లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న గరగర. చీకటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, నీళ్ళ అడుగు నుంచి తేలినట్టు, ఒక్కో వరుసా పైకొచ్చాయి.

“ఐదు ఫైళ్ళున్నాయి. నాలుగు మిల్లువే. పేరు, తర్వాత చుక్క, చుక్క తర్వాత మూడక్షరాలు. ఆ మూడింటిని బట్టే అది ఏ రకం ఫైలో, దేంతో తెరవాలో తెలిసేది. ఈ ఐదోదే అంతుపట్టడం లేదు.”

తెర మీద చివరి వరుసలో SK.ABI అని ఉంది.

“ఉత్తరం కాదా?” బురఖాలోంచి మొదటిసారి మాట వినిపించింది.

“ఉత్తరాలకి వేరే అక్షరాలు పెడతామమ్మా. మక్బూల్‌కి నేను నేర్పిందీ అదే. ఈ ఏబీఐ ఏ పుస్తకంలోనూ లేదు. గుంటూరులో అడిగా, విజయవాడకి ఫోన్ చేశా. ముందున్న ఎస్‌కే అంటే స్టాక్ అయ్యుంటుంది. మిల్లువాళ్ళ ప్రోగ్రామేదో.”

“ఒకసారి తెరిచి చూస్తే పోలా?” అన్నాడు పీర్ సాహెబ్.

“ఫలానాదని తేలితే నిమిషం పని భాయ్. తేలకుండా తెరవనివ్వరు. వైరస్ అని పేపర్లో పడ్డప్పట్నుంచీ మా వెంకట్రామయ్యగారికి నిద్ర లేదు. బయటి ఫైలు తెలిసీ తెలియకుండా తెరిస్తే, ముందు నన్ను కిటికీలోంచి తోస్తారు.”

పీర్ సాహెబ్ కోడలి వైపు తిరిగాడు.

“నే చెప్పలా బేటీ? కామెర్ల జ్వరంలో అన్న మాట అది. నీకో ఉత్తరం రాశా, ఇంటికి పోయినాక చదివి వినిపిస్తా అన్నాడంటే... మనసులో రాసుకున్నాడేమోలే వాడు.”

ఆమె తెర వైపే చూస్తోంది. చదవడానికి ఆమెకు ఇంగ్లీషు రాదు.

మక్బూల్ పోయి ఆరు నెలలు. భర్త పోయిన ఆడది ఇల్లు కదలకుండా ఉండాల్సిన ఇద్దత్ గడువు ముగిశాక పెట్టె సర్దుతుంటే, బట్టల మడతల్లో ఈ ఫ్లాపీ దొరికింది. అది తమదేనని మిల్లువాళ్ళు కబురు పెట్టారు. సాయంత్రం బస్సుకి మనిషి వస్తాడు. తీసుకుపోయి, తుడిచేసి, మళ్ళీ వాడుకుంటారు.

బయట వాన మొదలైంది. గాజు తలుపు మీద చినుకులు నిదానంగా దారులు గీస్తున్నాయి.

“మూడక్షరాలే ఎందుకు సారూ? నాలుగోది కొడితే?”

“మెషీన్ మింగేస్తుంది. మూడే ఉంచుకుంటుంది.”

“మా గిన్నెలకన్నా ఇరుకే ఇది!” అంటూ పీర్ సాహెబ్ బల్ల పక్కనున్న క్యారియర్ మీదికి వంగాడు. “అరె, ఇది మా ఇంటి పనే. కె. మార్త. మక్బూల్ చెక్కిందే సారూ. అంచు కాడ చోటు చాల్లా.”

రాజారత్నం నవ్వాడు. “మార్తమ్మలో అమ్మని మింగేశారని మా ఆవిడ ఎంత పోట్లాడిందో! ఇప్పుడామె లేదు. మధ్యాహ్నం మూత తీసేముందు ఆ సగం పేరే చదువుకుంటా. లోపల నేను మాడ్చుకున్న వంకాయ ఉన్నా, గిన్నె మాత్రం ఆమెదే.”

“పేరుంటే చాలు సారూ. ఎవురి గిన్నె వాళ్ళకి చేరుద్ది.” పెద్దాయన కళ్ళు తువ్వాలుతో ఒత్తుకుని లేచాడు. “నువ్వు ఆ ఫ్లాపీ తీసుకుని రా బేటీ. నే పోయి రిక్షా చూస్తా, బస్సు టైమైంది.”

తలుపు మూసుకుంది. గదిలో ఏసీ హోరు మిగిలింది. ఆమె తెర దగ్గరికి జరిగి, ఆ చివరి వరుస ముందు గాజు మీద వేలు ఆనించింది. వెచ్చగా ఉన్నట్టుంది, వెంటనే తీయలేదు. రాజారత్నానికి తొందరపెట్టబుద్ధి కాలేదు. కనీసం ఈ కాసేపైనా ఇవ్వగలిగినందుకు మనసు కొంచెం తేలికపడింది.

“చానా శ్రమ పెట్టాం సార్ మిమ్మల్ని,” అంది చివరికి.

“శ్రమేముందమ్మా. దొరికుంటే బాగుండేది.”

బయటి ఫ్లాపీల రిజిస్టరు తెరిచి, కలం మూత తీశాడు. వెంకట్రామయ్యకు అందులో అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లోనే ఉండాలి.

“పేరు చెప్పమ్మా.”

“మామయ్య పేరే రాయండి సార్. ఆస్పత్రిలోనూ అదే రాశారు.”

“తీసుకెళ్ళేవాళ్ళ పేరే రాయాలమ్మా. నీ పేరు?”

ఆమె ఒక్క క్షణం తడబడింది.

“షేక్ అబిదా.”

రాజారత్నం కలం SK. ABI దగ్గర ఆగిపోయింది.