ఏడో నంబరు పుస్తకానికి అర మార్కు

“చేతులు చూపించండి” అంది ఓపల్.

బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిది మందీ చేతులు చాపారు. నలభై మూడేళ్ల వెండెల్ కూడా ఒకటో తరగతి పిల్లాడిలా ముందూ వెనకా తిప్పి చూపించాడు. జిడ్డు చేతులతో పాత కామిక్కులు ముట్టుకుంటే ఓపల్ ఊరుకోదు.

“కొత్త ఉంగరమా? అట్ట గీసుకుపోతుంది. తీసెయ్ బాబూ.”

“పెళ్లై పద్దెనిమిది రోజులే అయింది ఓపల్ గారూ!”

“అట్ట అచ్చై నలభై ఏళ్లయింది.”

వెండెల్ ఉంగరం తీసి, పక్కనే ఉన్న భార్య మార్లా అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తన బొటనవేలికి తొడుక్కుని నవ్వింది. ఆ నవ్వుకి అతను ఎప్పుడో పదికి పది వేసేశాడు.

అమెరికాలోని డేటన్ ఊళ్లో, చర్చి కింది హాల్లో ఏడాదికోసారి జరిగే పోటీ అది. ఒక్కొక్కరు ఒక్కో పాత కామిక్కు తెచ్చి, పేరు లేకుండా నంబరు వేసిన కవరులో పెడతారు. అందరూ వాటిని పరీక్షించి, ఎంత చెడకుండా ఉన్నాయో పదికి ఇన్నని చీటీల మీద గ్రేడు రాస్తారు. పోటీ నడిపే ఓపల్ తన గ్రేడ్లు ముందే రాసి మూసిపెడుతుంది. ఆమె లెక్కకి ఎవరు దగ్గరగా వస్తే వాళ్లకి ఇత్తడి భూతద్దం, ఏడాది పాటు మొనగాడన్న పేరు. నియమం ఒక్కటే. ఎవరి పుస్తకానికి వాళ్లు గ్రేడు వేయకూడదు, వేస్తే పోటీలోంచి అవుటే. సొంత పుస్తకం ఎవరి కంటికైనా ఓ మార్కు ఎక్కువే కనిపిస్తుందని ఓపల్ నమ్మకం.

రెండేళ్లుగా వెండెల్‌ది రెండో స్థానం. ఈసారి పెళ్లాం చూస్తోంది. ఓడిపోతే ఇంటికెళ్లాక ఏ ముఖం పెట్టుకుని నేనే మొనగాణ్ణని చెప్పుకోవాలి?

“నేనూ ఒకటి పెట్టాను” అని అతని చెవిలో ఊదింది మార్లా.

“నువ్వా? ఏది?”

“నీవి గొప్ప కళ్లు కదా, కనుక్కో.”

వెండెల్ పొంగిపోయాడు. తన పుస్తకం మూడో నంబరు, దాన్ని వదిలేసి మిగతావాటిని చకచకా చూశాడు. నాలుగో దాన్ని దీపానికి ఎత్తిపట్టి, “అట్ట ఒకదానిది, లోపలి కాగితాలు ఇంకోదానివి. ఇలాంటిదాన్ని పెళ్లి చేసిన పుస్తకం అంటాం” అన్నాడు.

“పెళ్లైతే మార్కులు తగ్గుతాయా?” అంది మార్లా.

“పుస్తకానికి తగ్గుతాయి. నాకు పెరిగాయి.”

“ఒరేయ్, ఎవరైనా వీడి నోటికి కవరు తొడగండ్రా!” అన్నాడు ఎదురుగా కూర్చున్న హార్లన్.

ఐదో నంబరు కొత్త కవరులో, వెనక దళసరి అట్టతో, పొందికగా ఉంది. మార్లాదే, సందేహం లేదు! “ఆహా! పుస్తకం వెన్ను మీద ఒక్క ముడత లేదు. దీన్ని దాచినవాళ్ల మనసు ఎంత సున్నితమైందో!” అంటూ ఓరకంట ఆమెను చూశాడు. మార్లా తల వంచుకుంది. సిగ్గు పడుతోందనుకున్నాడు.

తర్వాత ఏడో నంబరు తీశాడు. గ్రహాంతర రాణి కథ. వెన్ను పొడవునా నల్లటి కరెంటు టేపు. వెనక అట్ట మీద బొమ్మ తుపాకీ తెప్పించుకునే కూపను కత్తిరించేశారు. రాణిగారికి పెన్నుతో మెలి తిప్పిన మీసాలు.

వెండెల్‌కి ఉత్సాహం ఆగలేదు. లేచి నిలబడ్డాడు.

“సోదరులారా, ఇది పుస్తకం కాదు, హత్య జరిగిన చోటు! ఇదిగో, ద్రాక్ష జామ్‌తో వేలిముద్ర కూడా ఉంది. పోలీసులకి ఇస్తే హంతకుణ్ణి ఇట్టే పట్టేస్తారు.”

అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా ఎక్కువ మార్లా నవ్వింది. దాంతో అతను ఇంకా రెచ్చిపోయాడు.

“వీడు పెద్దయ్యాక ఏమయ్యాడో! ఇలాంటివాడికి పిల్లనెవరిచ్చుంటారు?”

“ఎవరో ఒకత్తి చేసుకునే ఉంటుందిలే” అంది మార్లా, బల్ల పట్టుకుని నవ్వాపుకుంటూ.

“పాపం, ఆవిణ్ణి దేవుడే కాపాడాలి” అంటూ చీటీ మీద అర మార్కు రాశాడు. “ఆ అర కూడా కాగితాలు పట్టి ఉంచిన పిన్నులకి. అవి తుప్పు పట్టలేదు.”

ఓపల్ తన గ్రేడ్లు విప్పి చదివింది. ఏడో నంబరు దగ్గర అందరూ జాలిపడి ఒకటీ, ఒకటిన్నరా వేశారు. ఓపల్ వేసింది అర. ఆ ఒక్క దెబ్బతో వెండెల్ హార్లన్‌ని దాటేశాడు. ఇత్తడి భూతద్దం చేతికొచ్చింది. దాంట్లోంచి మార్లాని చూసి కన్నుకొట్టాడు.

“ఇక ఎవరివి వాళ్లు తీసుకోండి. ఐదు?” అంది ఓపల్.

హార్లన్ లేచాడు. “నా మనసు అంత సున్నితమని నాకే తెలీదురా” అంటూ కవరు తీసుకున్నాడు.

వెండెల్ భూతద్దం దించాడు.

“ఏడు?”

మార్లా లేచింది.

“మార్లా! నీదని తెలిస్తే...”

“తెలిస్తే?”

“ఒకటిన్నర వేసేవాణ్ణి.” హాలంతా గొల్లుమంది. “రెండు! నిజంగా! ఆ మీసాల్లో ఏదో కళ ఉంది!”

“భూతద్దం జాగ్రత్తరా. ఇక నీ కంచంలో తిండి దాంతోనే వెతుక్కోవాలి” అన్నాడు హార్లన్.

మార్లా కళ్లు తుడుచుకుంటూ పుస్తకాన్ని గుండెకి ఆనించుకుంది.

“ఇది నాది కాదు ఓపల్ గారూ. తేవడం వరకే నేను తెచ్చాను.”

“మరి ఎవరిదమ్మా? పోటీ రిజిస్టర్లో సొంతదారు పేరు రాయాలి.”

మార్లా మొగుడి వైపు తిరిగింది.

“నీ చిన్నప్పటి పెట్టెలోంచి మీ అమ్మ తీసిచ్చింది, వెండెల్.”