ఇంకా జర మెల్లగ

“ఇంకా జర మెల్లగ జెయ్, సారూ!”

ఉమేష్ తల పట్టుకున్నాడు. గద్వాలలో కంప్యూటర్ షాపు తెరిచి నాలుగేళ్లయింది గానీ, ఇలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు. లోకమంతా కంప్యూటర్ స్లో అయిందని ఏడుస్తుంటే, ఈ మగ్గం చెన్నయ్య నిన్ననే కొత్తది కొని, స్లో చేయమని పొద్దున్నుంచీ ప్రాణం తీస్తున్నాడు.

అంతా ఆయన తెచ్చిన పాత ఫ్లాపీ వల్లే. అందులో ఒక కోతి ఆట. గుంత రాగానే ఒకే ఒక్క మీట నొక్కితే కోతి దూకుతుంది, అంతే. పాత కంప్యూటర్ల నడకకు తగ్గట్టు రాసిన ఆట అది. కొత్త దాంట్లో వేస్తే, రెప్ప వేసేలోపే కోతి గుంతలో పడుతోంది. ఉమేష్ ఇప్పటికి మూడుసార్లు వేగం తగ్గించాడు.

“మా కొడుకు రాకేష్ కంప్యూటర్ క్లాసుకు పొయ్యేటప్పుడు పొద్దుమాపు గిదే ఆడేటోడు,” అన్నాడు చెన్నయ్య.

“గది పాత ముచ్చట, కాకా. కొత్త ఆటలు మస్తున్నయ్, ఏసిస్త.”

“వద్దు సారూ. గిదే కావాలె. గిది నడవకుంటే కంప్యూటరే వాపసు తీస్కో.”

ఓరి దేవుడా! ఉమేష్ నాలుగోసారి తగ్గించాడు. చెన్నయ్య తెర మీది కోతికి, అది బీచుపల్లి ఆంజనేయుడే అయినట్టు, భక్తిగా కుడిచేత్తో మొక్కాడు. తర్వాత ఎడమచేతి చిటికెన వేలు మీట మీద పెట్టాడు. గుంత వచ్చింది. వేలు మెల్లగా వంగింది. అప్పటికే కోతి పడిపోయింది.

“ఇంకా జర...”

ఉమేష్‌కి ఒళ్లు మండింది. “మొక్కేది కుడిచేత్తోని, ఆడేది ఎడమచేత్తోనా? అదీ చిటికెన వేలా! మగ్గం మీద నీ చేతులు ఎట్ల ఉరుకుతయో నేను సూడలేదా? చెయ్యంత పెట్టి కొట్టు!”

చెన్నయ్య ఆ వేలు తీయలేదు.

తిట్టుకుంటూ ఐదోసారి తగ్గించాడు ఉమేష్. కోతి నత్తనడక నడిచింది. గుంత వచ్చింది. వేలు వణికింది, ఆగింది, వంగింది. కోతి దూకింది!

“దూకింది సారూ!” చెన్నయ్య చప్పట్లు కొట్టి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంత మెల్లగుంటే ఏం మజా కాకా? గిట్ల ఎవరాడుతరు?”

చెన్నయ్య ఫ్లాపీని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

“లారీ గుద్దినంక మా రాకేష్‌కు గీ వేలొక్కటే కదుల్తది, సారూ.”