చచ్చిన ఎలుక

"ఊళ్ళో ఎలుకలన్నీ మీ పేరు చెబితే హడలి చస్తాయి. మనింట్లోది మాత్రం మీ నెత్తినెక్కి చచ్చింది!" ముక్కు మూసుకుని అంది భార్య.

ఎలుకలు పట్టడమే ఆయన ఉద్యోగం. హోటళ్ళు, గోడౌన్లు, బ్యాంకులు, ఎక్కడ కంపు కొట్టినా ఆయన్నే పిలుస్తారు. అలాంటి మనిషి ఇంట్లోనే చచ్చిన ఎలుక దొరక్కపోతే పరువేం కావాలి? పైగా రేపే కూతురు పసిగుడ్డుని ఎత్తుకుని వస్తోంది. "ఆ కంపు పోకపోతే గుమ్మం తొక్కను నాన్నా" అని ఫోన్లో తేల్చి చెప్పేసింది. మనవరాలి మొహం ఆయన ఇంకా చూడనే లేదు.

ఈ పనిలో పడి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. ఇప్పుడు భార్య ముక్కే దిక్కు.

తలకి తువ్వాలు బిగించి, బీరువా జరిపి వెనక తల దూర్చాడు. "ఇక్కడుందా?"

ఆవిడ పక్కకొచ్చి వాసన చూసింది. "అబ్బా! ఇక్కడే!"

గోడ పగలగొట్టాడు. ఏమీ లేదు.

సింకు కింద దూరాడు. "అమ్మో, ఇక్కడ మరీనూ!" గొట్టాలన్నీ ఊడదీశాడు. అక్కడా లేదు. ఎక్కడ చెయ్యి పెడితే అక్కడే కంపు. చెయ్యి తిరిగిన పనివాణ్ణి కదా అని లోలోపల కాస్త మురిశాడు కూడా.

"మంచం ఎక్కితే మరీ ఘోరంగా ఉంటోందండీ. రాత్రి కంటిమీద కునుకు లేదు" అంది.

ఆయన వినిపించుకోలేదు. గట్టిగా అరిస్తే "ఆఁ?" అన్నాడు. అప్పటికే స్టూలెక్కి అటక మీద వెతుకుతున్నాడు. పొద్దుట్నుంచీ తల పగిలిపోతోంది. ఇల్లు గిర్రున తిరుగుతోంది.

"దిగండి! మొహం పాలిపోయింది."

"ఎలుకల మందు ఘాటు, అంతే. ఏం కాదులే" అంటూనే స్టూలు మీంచి కుప్పకూలాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కానింగ్ చూసి భార్యని లోపలికి పిలిచింది. "ఎముకని తినేసిందమ్మా. మెదడు పొర దాకా పాకింది. సాయంత్రంలోగా ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. ఆలస్యమైతే మనిషి దక్కడు."

ఆవిడ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "పొద్దున గోడలు పగలగొట్టిన మనిషమ్మా! రేపు మనవరాలొస్తోంది. అసలు ఏం తినేసింది?"

డాక్టరమ్మ పక్కన మంచం మీదున్న ఆయన్ని ఒత్తిగిల్లబెట్టి, చిన్నప్పట్నుంచీ చీము కారుతున్న చెవి ఎవరి కంటా పడకూడదని ఆయన లోతుగా కుక్కుకున్న దూదిని మెల్లగా లాగింది. ఇంట్లో ఏ గోడలోనూ దొరకని కంపు గదంతా గుప్పుమంది.