నలుగులో పోయిన రంగు

"కదలకు తల్లీ. చెంపదొక రంగు, మెడదొక రంగు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు" అంది త్రివేణి, అద్దం ముందున్న పెళ్లికూతురి గడ్డం పట్టుకుని. మేకప్ మరకలు పడకుండా త్రివేణి తన పట్టుచీర మీద పాత చొక్కా తొడుక్కుంది.

శ్రీవల్లి కిసుక్కున నవ్వింది. "సారీ ఆంటీ! స్ప్రే టాన్ అని ఒంటికి రంగు వేయించుకున్నాక స్క్రబ్ చేయొద్దన్నారు. పిన్నులకి చెప్పడం మర్చిపోయా."

ఫ్రిస్కోలోని ఆ ఇంట్లో పొద్దున్నే నలుగు పెట్టారు. సున్నిపిండికి ఆ గోధుమరంగు ఊడివస్తుంటే, "అమెరికా మురికే! వదలనివ్వం" అంటూ పిన్నులు ఇంకా హుషారుగా రుద్దారు. ఇప్పుడు పెళ్లికూతురి ముఖం దేశపటంలా ఉంది.

తల్లి గిరిజ తలుపు తోసుకొచ్చింది. "వదినగారూ, ముహూర్తం ముంచుకొస్తోంది. తెల్లటి పిల్ల, డబ్బిచ్చి మరీ నలుపు పూయించుకుంది! చూసినవాళ్లు ఏమనుకుంటారండీ?" అని, త్రివేణి ముఖం చూసి నాలుక కరచుకుంది.

"ఈ ముఖం నాకొదిలేసి మీరు టిఫిన్ల సంగతి చూడండి" అని నవ్వింది త్రివేణి.

ముఖాలు దిద్దడమంటే ఆమెకిష్టం. అద్దంలో ఎప్పుడూ ఎదుటివాళ్లే కనబడతారు. తన ముఖం అద్దం అంచు దాటిపోయేలా ఎక్కడ నిలబడాలో ఆమె కాళ్లకే తెలుసు.

ఫొటోగ్రాఫర్ దివాకర్ తొంగిచూశాడు. "ఆంటీ, మీ ఇద్దరిదీ ఒకటి తీయనా?"

"నాకెందుకు బాబూ, నీ లైటు దండగ."

"ఎంగేజ్‌మెంట్‌లోనూ ఇదే మాటన్నారు!" అంటూ వెళ్లిపోయాడు.

త్రివేణి దూది తడిపింది. "మిగిలిన రంగు కూడా తుడిచేస్తా. నీ అసలు ఛాయే బావుంటుంది."

"వద్దాంటీ! పోయిన చోట మళ్లీ అదే రంగు వేయండి."

"ఏం పంతమే ఇది? తెల్లబడాలని ఏడ్చేవాళ్లనే చూశాను ఇన్నాళ్లూ."

"ముందు వేయండి. తర్వాత చెప్తా."

మేకప్ పెట్టెలోని ఫౌండేషన్ సీసాల్లో ఒక్కదాని రంగూ కలవలేదు. కాసేపు తటపటాయించి, త్రివేణి తన హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. తను వాడుకునే సీసా తీసి స్పాంజ్‌తో అద్దింది. అతుకు కనబడలేదు.

"వింతగా ఉందే! సరిగ్గా కలిసిపోయింది."

"వింతేం లేదు. టాన్ వేసే అమ్మాయికి ఎంగేజ్‌మెంట్ ఫొటో చూపించా. మీ అబ్బాయి వెనక నక్కి, సగం మొహమే పడినావిడ ఉన్నారు. అచ్చం ఆ కలరే కావాలన్నా."

త్రివేణి చేతిలో స్పాంజ్ ఆగిపోయింది. శ్రీవల్లి ఆ చేయి పట్టుకుని ఆమెను అద్దంలోకి లాక్కుంది. రెండు ముఖాలు, ఒకటే రంగు.

"ఇప్పుడు నా పక్కన నిలబడండి, అత్తయ్యా."