ఎవరి లెక్క వాళ్ళకే

కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే కెర్నెల్ ప్రోగ్రాం రాసే ఆ బృందానికి మామగారే పెద్ద. ప్రాసెసర్లన్నీ తాము చేసిన పనిని ఒకే లెక్కలో రాయాలి, ఒకటి రాస్తుంటే మిగతావి తాళం కోసం ఆగాలి అన్నది ఆయన ఏనాడో చేసిన ఏర్పాటు. అదే బృందంలో పనిచేసే కోడలు ఆ తాళం పీకేసి, ఒక్కో ప్రాసెసర్‌కూ సొంత లెక్క ఇచ్చేసింది.

"మొత్తం ఎంతో తెలియాలంటే?" మీటింగులో నిలదీశారు మామగారు.

"అడిగినప్పుడు అన్నీ కలిపి చెబుతాం."

"కలిపేలోగా ఒకటి మారిపోతే?"

"కాస్త అటూ ఇటూ అవుతుంది. దానికి కొంపలేం మునగవు."

పరీక్ష నడిపించి చూశారు. ఎప్పుడూ ఆయాసపడే మెషీన్ పరుగందుకుంది. ఆయన మీసం కింద నవ్వు దాచుకుని ఆమోదం బటన్ నొక్కారు.

"నిజమేనమ్మా. అందరినీ ఒక్క తాళం దగ్గర నిలబెడితే పని సాగదు. ఎవరిది వాళ్ళకిచ్చేయాలి."

అందరూ వెళ్ళేదాకా ఆగింది కోడలు. "ఈ మాటే ఇంట్లో కూడా అనండి మామయ్యా. పైవాటాలో ఇంకో వంటగది పెట్టిస్తే..."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. "అమ్మో! నువ్వు వేరు పడతానంటే మీ అత్తయ్య గుండె ఆగిపోతుంది!"

"పైకి వెళ్తానంటున్నది అత్తయ్యే మామయ్యా. మీకు మెషీన్ మీద చూపిస్తే తప్ప బుర్రకెక్కదని చెప్పింది కూడా ఆవిడే."