థార్న్‌బీ వారి ముక్కు

"ఆ ఒక్క బొమ్మా దింపెయ్యి మావిస్! నీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు క్లెమ్.

"పట్టుకో. తరవాత నడుం నొప్పని మూలగకు," అంది అతని భార్య, గ్లాసులు తుడుస్తూనే.

సోమర్సెట్‌లోని ఆ పల్లెకి ఉన్నది ఒకటే పబ్బు. నడిపేది ఈ మొగుడూ పెళ్ళాలే. గోడలకి కొత్తగా రంగు వేయించి, రెండొందల ఏళ్ళ కిందట జార్జి రాజుల కాలంలో గీసిన వెక్కిరింత బొమ్మల నకళ్ళు బ్రిస్టల్ నుంచి తెప్పించింది మావిస్. బానపొట్టల మంత్రులు, తలకట్టులో ఎలుకలు కాపురం పెట్టిన దొరసానులు, గుర్రం మీంచి బురదలో పడ్డ సేనాపతులు గోడ నిండా కొలువు తీరారు. వాటికి అద్దాలు బిగించడం ఇంకా కాలేదు. జనం సైడర్ అనే ఆపిల్ కల్లు గ్లాసులు పట్టుకుని బొమ్మ బొమ్మకీ ఆగి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నారు.

చిక్కల్లా చలిమంట పక్కనున్న బొమ్మతోనే. అందులో ఒక జమీందారు ఊరు ఊరంతా పళ్ళెంలో పెట్టుకుని ఫోర్కుతో పొడుచుకు తింటున్నాడు. చర్చి, పిండిమర, గొర్రెలు, ఆఖరికి పాదిరీ గారు కూడా ఆ పళ్ళెంలోనే ఉన్నారు. జమీందారు ముక్కు కొడవలిలా వంగి పులుసులో మునుగుతోంది. ఆ ముక్కు ఎవరిదో ఊళ్ళో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. మిస్ ఆగస్టా థార్న్‌బీకీ అచ్చం అలాంటి ముక్కే ఉంది.

ఊళ్ళో సగం ఆవిడదే. ఈ పబ్బు కట్టడమూ ఆవిడదే. కౌలు ఈ నెలతో సరి. దీన్ని పడగొట్టి ఫ్లాట్లు కడతానని ఒక బిల్డరు ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు. మధ్యాహ్నం వచ్చి ఏ సంగతీ తేల్చేస్తానని ఆవిడ పొద్దున్నే కబురు పెట్టింది.

"నిన్న తగిలించినప్పుడు ఆ ముక్కు నా కంటపడనే లేదే!" అన్నాడు క్లెమ్ తల పట్టుకుని.

"కళ్ళజోడు కార్లో మర్చిపోతే ఏం కనపడుతుంది?"

"పోనీ, దానిమీద డార్ట్ బోర్డు వేలాడదీస్తే?" అన్నాడు నార్మన్. రిటైరైన పోస్ట్‌మన్, మధ్యాహ్నమైతే చాలు పబ్బులో హాజరు.

"ఆవిడ చూస్తుండగా ఆవిడ తాతముత్తాతల ముక్కు మీద బాణాలు వేస్తావా? నువ్వు సలహాలివ్వకుండా తాగరా బాబూ!" అన్నాడు క్లెమ్.

మావిస్ గ్లాసు టక్కున పెట్టింది. "పబ్బు ఎలాగూ పోతుంది. పోయేలోగా ఒక్క పూటైనా ఈ ఊరు ఆవిడ మొహం చూసి కడుపారా నవ్వుకోనీండి!" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తలుపు తెరుచుకుంది. చేతికర్ర చప్పుడుకే నవ్వులన్నీ ఆగిపోయాయి. మిస్ థార్న్‌బీ ఎవరినీ పలకరించలేదు. మంత్రుల్ని దాటింది, దొరసానుల్ని దాటింది, తిన్నగా చలిమంట దగ్గరకొచ్చి నిలబడింది. బొమ్మ మీదికి వంగి, ఆ ముక్కు పొడుగునా వేలితో తడిమి చూసింది.

"ఎవరితను?"

"ఎవరో లండన్ మంత్రి అమ్మగారూ," అన్నాడు క్లెమ్. "ఆ రోజుల్లో అందరికీ ఇలాంటి ముక్కులే ఉండేవి కదండీ..."

"నువ్వూరుకో క్లెమ్! ఈయన మా తాతగారికి ముత్తాత, హంఫ్రీ థార్న్‌బీ. ఈ ముక్కు మా వంశంలో తప్ప దేశంలో ఇంకెక్కడా లేదు. దింపు దీన్ని."

"దింపనండీ," అంది మావిస్, బొమ్మకి అడ్డంగా వచ్చి నిలబడి. "గోడలు మీవి, తీసుకోండి. బొమ్మ నాది."

"పిచ్చిదానా, దింపకపోతే మా ఇంటికెలా తీసుకెళ్ళను?"

"మీ ఇంటికా?" అంది మావిస్.

"పక్క ఊళ్ళో ఆ జనరల్ ట్రెమ్లెట్ లేడూ? వాళ్ళ తాతల్ని వెక్కిరిస్తూ ఇలాంటి బొమ్మలు మూడున్నాయి వాడి దగ్గర. మన దేశాచారం ప్రకారం అతిథుల టాయిలెట్లో తగిలించాడు. విందుకి పిలిచినప్పుడల్లా చేతులు కడుక్కోమని నన్ను అందులోకి తోస్తాడు. బయటికి రాగానే, 'పాపం, మీవాళ్ళని ఎవరూ వెక్కిరించలేదు కాబోలు' అంటాడు. ఆ కాలంలో వెక్కిరింతకి కూడా నోచుకోకపోతే అదేం వంశం? అక్కడికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ నాకు తలకొట్టేసినట్టుంటుంది మావిస్!" ఆవిడ కర్రతో నేలమీద ఒక్కటిచ్చింది. "శనివారం వాడు మా ఇంటికి భోజనానికొస్తున్నాడు. రాగానే కడుపు నిండా టీ పట్టిస్తాను. ఎంతసేపు ఆపుకుంటాడో చూస్తాను!"

నార్మన్ నవ్వు ఆపుకోలేక సైడర్ కక్కేశాడు.

"మరి... పబ్బు, అమ్మగారూ?" అంది మావిస్ మెల్లిగా.

"ఎప్పటిలాగే నువ్వే నడుపు. ఇలాంటి గోడలు పడగొట్టి ఫ్లాట్లు కడతాడా ఆ బిల్డరు? వాడి మొహం! కౌలు మళ్ళీ నీ పేరునే రాయిస్తాను."

పబ్బు దద్దరిల్లింది. నార్మన్ టోపీ ఎగరేశాడు. క్లెమ్ అందరూ చూస్తుండగానే పెళ్ళాన్ని ఎత్తుకుని గిర్రున తిప్పాడు, నడుం సంగతి మర్చిపోయి. అందరూ మావిస్ పేరున గ్లాసులెత్తారు. ఇన్నాళ్ళ దిగులూ వదిలి ఆమె ఏడుస్తూనే నవ్వింది.

మిస్ థార్న్‌బీ గుమ్మం దగ్గర ఆగి మావిస్‌ని దగ్గరికి పిలిచింది. చేతిరుమాలుతో వేలికంటిన నలుపు తుడుచుకుంటూ, ఇంకెవరికీ వినపడకుండా అంది:

"బొమ్మ శుక్రవారం పంపు. ఈలోగా ముక్కు మీద నువ్వు పూసిన సిరా బాగా ఆరనీ."